ముందు గాలి లెక్క, తర్వాతే గన్: నల్గొండలో ఇంటి దగ్గర ఒక ఆల్టో పెయింటింగ్ కేస్ స్టడీ

బండి 2009 మోడల్ మారుతి ఆల్టో. రంగు సిల్కీ సిల్వర్, కలర్ కోడ్ జెడ్2ఎస్. ఏళ్ల తరబడి నల్గొండ ఎండలో నిలబడి టాప్ మీద, బానెట్ మీద క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పూత) పొలుసులుగా లేచింది. పక్క డోర్లు, ఫెండర్లు, డిక్కీ బాగానే ఉన్నాయి. అంటే పని రెండు ప్యానెళ్లకే. రంగు మార్చడం లేదు కాబట్టి ఆర్సీతో పని లేదు. రంగు మారిస్తే మాత్రం ఆర్సీలో కూడా మార్పించుకోవాలి.

చోటు పానగల్లు వైపు ఒక ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు. మూడు వైపులా గోడ, ముందు వైపు ఖాళీ. ఇంట్లో అప్పటికే 2 హెచ్‌పీ, 50 లీటర్ల కంప్రెసర్ ఉంది. యజమాని అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ స్ప్రే గన్ కొనాలి? దుకాణంలో వచ్చిన జవాబు కూడా ఒక్కటే: "అన్నా, ఏ గన్ అయినా రెండు హెచ్‌పీకి నడుస్తది." నడవడం వరకు నిజమే. ఏ గన్ పెట్టినా పెయింట్ బయటికి వస్తుంది. అయితే టాప్ మొదటి వరసలో ఎలా వచ్చిందో చివరి వరసలోనూ అలాగే రావాలి. సిల్వర్ లాంటి మెటాలిక్ రంగులో గన్‌కు అసలు పరీక్ష అక్కడే.

గాలి లెక్క

కంప్రెసర్ స్టిక్కర్ మీద 8 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) అని ఉంది. అది పిస్టన్ కొలతతో వేసిన లెక్క. వాల్వుల దగ్గర, రింగుల పక్కన, వేడి వల్ల పోయేది పోగా ట్యాంకులోకి చేరే గాలి అంతకంటే బాగా తక్కువ. గన్ కొనే ముందు ఆ నిజమైన అంకె తెలుసుకోవాలి. దానికి పరికరాలేమీ అక్కర్లేదు, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ చాలు.

అవుట్‌లెట్ వాల్వు మూసి కంప్రెసర్ ఆన్ చేయాలి. గేజీ ముల్లు 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాటగానే వాచీ మొదలుపెట్టి, 100 చేరగానే ఆపాలి. ఈ కంప్రెసర్‌కు 54 సెకన్లు పట్టింది. పెరిగిన ఒత్తిడి 40 పీఎస్ఐ. దాన్ని మామూలు గాలి ఒత్తిడి 14.7తో భాగిస్తే 2.72. దాన్ని ట్యాంకు 50 లీటర్లతో గుణిస్తే 136 లీటర్లు. 54 సెకన్లలో 136 లీటర్లంటే నిమిషానికి 151 లీటర్లు. ఒక సీఎఫ్ఎం అంటే 28.3 లీటర్లు కాబట్టి చేతికి వచ్చేది 5.3 సీఎఫ్ఎం. స్టిక్కర్ మీది 8 ఇక్కడ 5.3 అయింది. ఈ సైజు కంప్రెసర్లలో ఇంత తేడా ఉండడం మామూలే, మిషన్ పాడైనట్టు కాదు.

రెండో అంకె ట్యాంకులో ఉన్న నిల్వ. మోటారు 115 దగ్గర ఆగి, 85 దగ్గర మళ్లీ అందుకుంటుంది. గన్ దగ్గర 29 పీఎస్ఐ నిలబడాలంటే గొట్టంలో, కప్లర్లలో పోయేది కలుపుకుని ట్యాంకులో కనీసం 40 ఉండాలి. ట్యాంకు 90 దగ్గర ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే 90 నుంచి 40 వరకు వాడుకోగలిగేది 170 లీటర్లు, అంతే.

ఇప్పుడు టాప్ లెక్క. ఆల్టో టాప్‌ను ఒక్కో పక్క నుంచి సగం సగం కొట్టాలి. సగం వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. ఫ్యాన్, అంటే గన్ నుంచి పెయింట్ విసనకర్రలా పరుచుకునే వెడల్పు 20 సెంటీమీటర్లు, ప్రతి వరస ముందు వరస మీద మూడింట రెండు వంతులు ఎక్కాలి, అంటే వరసకు 7 సెంటీమీటర్లు ముందుకు జరుగుతాం. 9 వరసలు వస్తాయి. వరస పొడవు 1.4 మీటర్లు, చెయ్యి సెకనుకు 40 సెంటీమీటర్లు కదిలితే వరసకు మూడున్నర సెకన్లు. రెండు సగాలకూ కలిపి ట్రిగ్గర్ నొక్కి ఉండేది 63 సెకన్లు. ఆ వెంటనే, తడి ఆరకముందే బానెట్ మొదలుపెట్టాలి.

బల్ల మీద మూడు గన్‌లు

మొదటిది పెద్ద సైజు హెచ్‌వీఎల్‌పీ, 1.4 మి.మీ. నాజిల్ (పెయింట్ బయటికి వచ్చే రంధ్రం). ఆన్‌లైన్‌లో కొన్నది, డబ్బా మీద 12 సీఎఫ్ఎం అని రాసి ఉంది. హెచ్‌వీఎల్‌పీ అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. గన్ మూతి మీది ఎయిర్ క్యాప్ దగ్గర 10 పీఎస్ఐ దాటకూడదన్నది దాని నియమం. పెయింట్‌లో 65 శాతమైనా ప్యానెల్ మీద పడుతుంది. మంచి రకమే, కాకపోతే గాలి తాగేస్తుంది. 12 సీఎఫ్ఎం అంటే నిమిషానికి 340 లీటర్లు. కంప్రెసర్ ఇచ్చేది 151. లోటు 189. నిల్వ ఉన్న 170 లీటర్లు 54 సెకన్లలో అయిపోతాయి. టాప్‌కే 63 సెకన్లు కావాలి కదా, చివరి రెండు మూడు వరసల దగ్గర ఒత్తిడి జారడం మొదలవుతుంది. బానెట్‌కు వచ్చేసరికి ట్యాంకులో ఏమీ ఉండదు.

ఈ లెక్కను బండి మీద కాకుండా పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఒక తుక్కు బానెట్ మీద పరీక్షించాం. ఆగకుండా నిమిషం పాటు కొట్టాం. మొదటి వరసలు నున్నగా ఉన్నాయి. నిమిషం దగ్గర పడేకొద్దీ చినుకు లావై, క్లియర్ నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా పడింది. గన్ దగ్గర పెట్టిన చిన్న గేజీ 29 నుంచి 18కి దిగింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు థిన్నర్ పెంచడం. థిన్నర్ పెంచితే గుంటలు కాస్త తగ్గినట్టు కనిపిస్తాయి, నిలువు అంచుల్లో మాత్రం కారుతుంది. పెయింట్ చిక్కగా ఉందని కాదు, గాలి చాలక వచ్చిన లోపం అది.

రెండోది మామూలు గన్, డబ్ల్యూ-71 రకం, 1.8 నాజిల్. మన వైపు డెంటింగ్ షెడ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 40 నుంచి 50 పీఎస్ఐ మీద నడుస్తుంది. చినుకు సన్నగా విరుస్తుంది కానీ ఆ ఒత్తిడికి పెయింట్ ప్యానెల్‌కు తగిలి తిరిగి లేస్తుంది. మూడింట ఒక వంతు అంటుకుని మిగతాది పొగమంచులా గాల్లోకి పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న వర్క్‌షాపులో సరే. మూడు గోడల షెడ్డులో ఆ మంచు తిరిగి తడి క్లియర్ మీదే వాలి గరుకు చేస్తుంది. పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టల మీదా పడుతుంది.

మూడోది ఎల్‌వీఎల్‌పీ, అంటే గాలీ తక్కువ, ఒత్తిడీ తక్కువ; 1.3 నాజిల్, పైన కప్పు ఉండే 600 మిల్లీలీటర్ల గ్రావిటీ గన్. డబ్బా మీద 4.5 సీఎఫ్ఎం. అంటే నిమిషానికి 127 లీటర్లు. కంప్రెసర్ ఇచ్చే 151 కంటే తక్కువే. ట్రిగ్గర్ ఎంతసేపు నొక్కినా ట్యాంకు 85 కిందికి దిగదు. పెయింట్ ఆదాలో హెచ్‌వీఎల్‌పీకి దగ్గరగా ఉంటుంది. ఒక లోపం ఉంది: ఫ్యాన్ చిన్నది, పెయింట్ నెమ్మదిగా వస్తుంది. పెద్ద బొలెరో మొత్తం ఒక్క దెబ్బకు కొట్టాలంటే మొదటి అంచు ఆరిపోతుంది. రెండు ప్యానెళ్ల పనికి ఆ నెమ్మది అడ్డం కాదు, కొత్త చేతికి మేలే చేస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగినా వెంటనే కారిపోదు.

కాబట్టి ఈ బండికి బేస్ (రంగు పూత), క్లియర్ రెండూ ఎల్‌వీఎల్‌పీ 1.3తో. రంగు కింద వేసే ప్రైమర్‌కు మాత్రం ఆ 1.8 మామూలు గన్. ప్రైమర్ సర్ఫేసర్‌లో పొడి ఎక్కువ, చిక్కన. 1.3 నాజిల్‌లో పడక థిన్నర్ అతిగా కలుపుతారు, పూత మందం రాదు. పైగా ప్రైమర్‌ను ఎలాగూ నీళ్ల పేపర్‌తో రుద్దుతాం, గన్ కాస్త గరుకుగా వేసినా నష్టం లేదు. ఒకే గన్‌తో అన్నీ చేయాలనుకోవడం కంటే ప్రైమర్‌కు చవక గన్ ఒకటి విడిగా ఉంచుకోవడం మంచిది. ప్రైమర్ పొడి ఒక్కసారి నాజిల్‌ను మూసి తెరిచే సూది దగ్గర చిక్కుకుంటే తర్వాత సిల్వర్‌లో మచ్చలుగా బయటపడుతుంది.

చేతిలో పట్టుకుని కరెంటు ప్లగ్గుకు తగిలించి కొట్టే ఎలక్ట్రిక్ గన్‌లు గేట్లకు, కిటికీ ఊచలకు సరిపోతాయి. కారు సిల్వర్‌కు వద్దు. చినుకు లావు, మెటాలిక్ పొడి గుంపులు గుంపులుగా పడుతుంది.

గన్ తేడాకు డబ్బు లెక్క కూడా ఉంది. టాప్, బానెట్ కలిపి దాదాపు 2.7 చదరపు మీటర్లు. క్లియర్ ఆరాక 55 మైక్రాన్లు ఉండాలి. కలిపిన క్లియర్‌లో ఆరాక మిగిలే భాగం 45 శాతం అనుకుంటే తడిగా 122 మైక్రాన్లు పడాలి. ప్యానెల్ మీద ఉండాల్సింది 330 మిల్లీలీటర్లు. 65 శాతం అంటించే గన్‌తో కప్పులో పోయాల్సింది దాదాపు 510. 35 శాతం అంటించే గన్‌తో 940. తేడా 430 మిల్లీలీటర్లు, అదంతా మనం పీల్చే గాల్లోకే వెళ్తుంది.

వైరు పొట్టి, గొట్టం పొడుగు

షెడ్డు దాకా కరెంటు తేవడానికి 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడాలనుకున్నారు. అందులో ఉన్నది 1 చదరపు మి.మీ. వైరు. రానూ పోనూ 60 మీటర్ల రాగికి నిరోధం ఒక ఓమ్ పైనే. మోటారు నడిచేటప్పుడు 10 ఆంపియర్లకు 11 వోల్టులు పోతాయి, అది తట్టుకుంటుంది. స్టార్టయ్యే క్షణంలో 50 ఆంపియర్లు లాగితే 54 వోల్టులు పోతాయి. యాసంగిలో బోరు మోటార్లన్నీ నడిచే వేళ ఊరి శివార్లలో వోల్టేజ్ అసలే తగ్గి ఉంటుంది. మోటారు గుంయ్‌మని ఆగిపోయి ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది. అదీ ట్యాంకు 85కి దిగి మళ్లీ అందుకోవాల్సిన వేళ, అంటే సరిగ్గా కోటు మధ్యలో.

అందుకే కంప్రెసర్‌ను ఇంటి గోడ దగ్గర 16 ఆంపియర్ల ప్లగ్గుకు నేరుగా పెట్టి, గాలి గొట్టాన్నే 15 మీటర్లు లాగాం. దీనివల్ల ఇంకో రెండు లాభాలున్నాయి. ప్రెషర్ స్విచ్ నిప్పురవ్వ థిన్నర్ ఆవిరికి దూరంగా ఉంటుంది. వేడి గాలి గొట్టంలో చల్లబడి నీరు విడిచిపెడుతుంది. గొట్టం లోపలి వ్యాసం 10 మి.మీ. ఉండాలి. 6 మి.మీ. గొట్టం తేలికే కానీ ఇంత దూరానికి ఒత్తిడి బాగా తింటుంది.

నీళ్ల ఫిల్టర్‌ను కంప్రెసర్ మీదే బిగిస్తే పెద్దగా ఉపయోగం లేదు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరి రూపంలోనే ఫిల్టర్ దాటిపోయి ముందుకెళ్లి చుక్కవుతుంది. గొట్టం షెడ్డు చేరే చోట గోడకు ఫిల్టర్, రెగ్యులేటర్ కలిసిన యూనిట్ బిగించాలి. అక్కడి నుంచి గన్‌కు మూడు నాలుగు మీటర్ల మెత్తని గొట్టం. గన్ పిడి దగ్గర చిన్న గేజీ. ఒత్తిడి ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కి గాలి వస్తుండగానే సరిచేయాలి. ట్రిగ్గర్ వదిలి 26 పెట్టుకుంటే నొక్కినప్పుడు 20 కూడా ఉండదు.

ట్యాంకు అడుగు వాల్వు రోజూ విప్పి నీరు వదలాలి. ఫిబ్రవరిలో కూడా కప్పుడు నీళ్లు వచ్చాయి. వానాకాలంలో అయితే కోటుకు కోటుకు మధ్య విప్పాల్సిందే.

అట్ట మీద పరీక్ష

కొత్త గన్ డబ్బాలోంచి తీసి నేరుగా పెయింట్ పోయకూడదు. లోపల ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, అది తగిలితే తడి పెయింట్‌లో చేపకన్ను లాంటి గుండ్రటి గుంటలు పడతాయి. నాజిల్, సూది, క్యాప్ విప్పి థిన్నర్‌తో కడిగి, నాజిల్‌ను డబ్బాలో ఇచ్చిన స్పానర్‌తో గట్టిగా బిగించాలి. ఇక్కడ వదులుంటే కప్పులో బుడగలు వస్తాయి, గన్ దగ్గుతుంది.

గోడకు అట్ట కొట్టి, 18 సెంటీమీటర్ల దూరం నుంచి గన్‌ను కదపకుండా సెకను పాటు ట్రిగ్గర్ నొక్కితే నిలువు కోడిగుడ్డు ఆకారం పడాలి. మధ్యలో చిక్కగా, చివర్లలో పలచగా ఉంటే గాలి చాలదు. మధ్యలో సన్నబడి ఎనిమిది అంకెలా ఉంటే గాలి ఎక్కువ, పెయింట్ తక్కువ. అరటిపండులా వంగితే క్యాప్ కొమ్ముల్లో ఒక రంధ్రం మూసుకుంది. ఒక పక్కకే బరువుగా పడితే క్యాప్‌ను సగం తిప్పి మళ్లీ కొట్టాలి. బరువు అటు పక్కకు మారితే లోపం క్యాప్‌లో, మారకపోతే నాజిల్‌లో. రంధ్రాలు తీయడానికి పుల్లగానీ నైలాన్ పోగుగానీ వాడాలి. గుండుసూది పెడితే రంధ్రం సాగి గన్ అక్కడితో పాడవుతుంది.

తర్వాత క్యాప్‌ను తిప్పి ఫ్యాన్‌ను అడ్డంగా చేసి, మూడు సెకన్లు నొక్కి పెయింట్ కారేలా చేయాలి. కారిన చారలన్నీ ఒకే పొడవుంటే గన్ సరిగ్గా పంచుతోంది.

సిల్వర్‌కు ఇంకో పరీక్ష తప్పదు. ఒకే డబ్బాలోని సిల్వర్‌ను తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా కనబడుతుంది. తడిలో మెటాలిక్ పొడి మునిగి అడ్డదిడ్డంగా ఆగుతుంది, పొడిగా పడితే పైననే పరుచుకుని వెలుగును నేరుగా తిప్పికొడుతుంది. కోడ్ సరిపోయినా ఫెండర్ పక్కన బానెట్ వేరే రంగులా కనిపించడానికి ఎక్కువసార్లు ఇదే కారణం, రంగు కలిపినవాడి తప్పు కాదు. మూడు అట్టముక్కలకు గ్రే ప్రైమర్ వేసి, 18, 22, 26 పీఎస్ఐల దగ్గర బేస్ కొట్టి, పైన క్లియర్ వేసి, ఆరాక ఎండలో ఫెండర్ పక్కన పెట్టి చూశాం. 22 దగ్గర కొట్టిన ముక్క కలిసింది. 26ది తెల్లబడింది. క్లియర్ వేయకుండా పోల్చడం దండగ, క్లియర్ పడ్డాక సిల్వర్ కనిపించే తీరే మారిపోతుంది.

రుద్దడం, కడగడం

లేచిన క్లియర్ మొత్తం 320 నంబర్ పేపర్‌తో గట్టి పొర దాకా దింపాలి, అంచులు గోరుకు తగలకూడదు. రెండు చోట్ల రేకు బయటపడితే అక్కడ ముందు ఎపాక్సీ ప్రైమర్ వేశాం. తర్వాత సర్ఫేసర్ 400, హార్డ్‌నర్ 100, థిన్నర్ 80 మిల్లీలీటర్లు కలిపి 1.8 గన్‌తో రెండు కోట్లు. మర్నాడు 600, ఆపై 800 నీళ్ల పేపర్.

కడిగే నీటి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నల్గొండ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతో రుద్ది అలాగే ఆరనిస్తే ప్రైమర్ మీద సన్నటి తెల్లపొర మిగులుతుంది. పైన పెయింట్ పడ్డాక ఆ లవణం వానాకాలం తేమను లోపలికి లాగుతుంది, కొన్ని నెలలకు చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. పొక్కు గిల్లితే కింద ప్రైమర్ బాగానే ఉంటుంది కాబట్టి నెపం పెయింట్ మీదికి పోతుంది. రుద్దడానికి బోరు నీళ్లు వాడినా చివరి కడుగుడు ఇంటికి వచ్చే 20 లీటర్ల ప్యూరిఫైడ్ క్యాన్ నీళ్లతోనే చేయాలి. ఈ రెండు ప్యానెళ్లకు సగం క్యాన్ సరిపోయింది. నీళ్లు ఆరనివ్వకుండా శుభ్రమైన గుడ్డతో తుడిచెయ్యాలి.

మాస్కు

టూకే క్లియర్ (హార్డ్‌నర్ కలిపి వాడే రకం) హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. వాసనతో దాన్ని పసిగట్టలేం. ఒంటికి ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తుంది, అది జీవితాంతం ఉండిపోవచ్చు. దస్తీ, సర్జికల్ మాస్కు, ఎన్-95 ఏవీ దీన్ని ఆపవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు అన్నిటికంటే మంచిది. అది దొరకనప్పుడు కనీసం ముఖానికి గట్టిగా అతుక్కునే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి మాస్కు, దాని మీద ముందు ఫిల్టర్, కొత్త కార్ట్రిడ్జిలు. గడ్డం ఉంటే మాస్కు అతకదు. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా ఉండాల్సిందే. ఆ పూట పిల్లలను, ఆయాసం ఉన్న పెద్దలను ఇంకో ఇంటికి పంపాలి. పక్కింటివాళ్లకు ముందే చెప్పాలి. షెడ్డు ముందు వైపు పరదాలతో పూర్తిగా మూసేయకూడదు. వంటింటి స్టవ్, దేవుడి దగ్గర దీపం కూడా ఆ పూటకు బంద్. ఇవి కుదరవనుకుంటే క్లియర్ పని వర్క్‌షాపుకు ఇచ్చేయడమే మేలు, మిగతా పనంతా ఇంట్లో చేసుకోవచ్చు.

కొట్టిన రోజు

ఫిబ్రవరి రెండో వారం, ఉదయం పది. ఈ కాలంలో పొద్దున రేకు మీద మంచు తడి ఉంటుంది, అది పోయి రేకు చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండలో రేకు కాలిపోతుంటే క్లియర్ పరుచుకునే లోపే ఆరిపోతుంది. అప్పుడు తెల్లవారుజామున, నెమ్మదిగా ఆరే స్లో థిన్నర్‌తో కొట్టాల్సి ఉంటుంది. పత్తి జిన్నింగ్ నడిచే నెలల్లో గాల్లో నూగు తేలుతుంటుంది. నేలంతా నీళ్లు చల్లాం, గోడలు ముందు రోజే కడిగాం.

సిలికాన్ రిమూవర్‌తో రెండు గుడ్డలు: ఒకటి తడిపి తుడవడానికి, రెండోది వెంటనే పొడిగా తుడవడానికి. ఆపైన దుమ్ము అంటుకునే జిగురు గుడ్డను (టాక్ క్లాత్) అదమకుండా లాగాలి.

బేస్ 400 మిల్లీలీటర్లకు థిన్నర్ 240. జాలీలో వడకట్టి పోయాలి. సూది స్క్రూ పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి. ఫ్యాన్ పూర్తిగా విప్పి పావు చుట్టు మూసి. 22 పీఎస్ఐ, 18 సెంటీమీటర్లు. మొదటి కోటు అంచుల నుంచి మధ్యకు. ఎనిమిది నిమిషాలు ఆగి, తడి మెరుపు పోయి మసకబడ్డాక రెండో కోటు. చివర 16 పీఎస్ఐకి తగ్గించి, గన్‌ను 25 సెంటీమీటర్లకు వెనక్కి జరిపి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పలచటి డ్రాప్ కోటు. మబ్బు మచ్చల్లా కనిపించే మెటాలిక్ పొడిని సమం చేసేది ఇదే. ఎల్‌వీఎల్‌పీ ఫ్యాన్ చిన్నది కాబట్టి ఈ కోటు ఎగ్గొడితే చారలు కనిపిస్తాయి.

ఇరవై నిమిషాలకు క్లియర్. కోటుకు 200 క్లియర్, 100 హార్డ్‌నర్, 30 థిన్నర్. ఈ 2:1 ఈ డబ్బాది. కొన్ని 4:1 ఉంటాయి, డబ్బా మీద చదవాలి. రెండు కోట్లకూ ఒకేసారి కలిపితే రెండోదానికి చిక్కబడుతుంది. 26 పీఎస్ఐ, సూది రెండు చుట్లు. మొదటిది మధ్యరకం తడి, పన్నెండు నిమిషాలు, రెండోది నిండు తడి. ట్యూబులైటు ప్రతిబింబాన్ని ప్యానెల్‌లో చూస్తూ కొట్టాలి. లైటు అంచు సూటిగా కనిపిస్తే తడి సరిపోయింది, అల్లల్లాడితే చెయ్యి ఇంకొంచెం నెమ్మదించాలి. రెండు కోట్ల మొత్తం సమయంలో ట్యాంకు గేజీ 85 కిందికి దిగలేదు.

దెబ్బతిన్న చోట్లు

మొదటి క్లియర్ కోటు మధ్యలో గన్ దగ్గడం మొదలైంది. ఒత్తిడి సరిగ్గానే ఉంది. కప్పు మూత మీది చిన్న గాలి రంధ్రం పెయింట్‌తో మూసుకుపోయింది. పైనుంచి గాలి పోయే దారి లేక పెయింట్ కిందికి రాలేదు. పుల్లతో తీయగానే సరిపోయింది. పడ్డ లావు చుక్కలు రెండో కోటు కింద కలిసిపోయాయి.

బానెట్ కుడి అంచున నాలుగు వేళ్ల వెడల్పున కారింది. వరస చివర చెయ్యి వెనక్కి తిరిగేటప్పుడు ట్రిగ్గర్ వదలకపోవడమే కారణం. గన్ ప్యానెల్ దాటాకనే ట్రిగ్గర్ వదిలి, ప్యానెల్‌కు ముందే నొక్కుతూ రావాలి. తడి మీద తుడవడానికి పోలేదు, పోకూడదు కూడా. రెండు రోజులు ఆరాక, చుట్టూ టేపు అంటించి, బ్లేడుతో ఉబ్బునొక్కదాన్నే గీకి, 1500, 2000 నీళ్ల పేపర్, తర్వాత కాంపౌండ్‌తో పాలిష్. టాప్ మీద పడిన రెండు నూగు పోగులకూ ఇదే మందు.

ఫెండర్‌కు, బానెట్‌కు మధ్య రంగు ఎండలో కలిసింది. సాయంత్రం పక్క వెలుగులో బానెట్ ఒక వీసం లేతగా కనిపిస్తుంది. అది కూడా పోవాలంటే బేస్‌ను రెండు ఫెండర్ల మీదికి పలచగా జార్చి, ఫెండర్ మొత్తం క్లియర్ వేయాలి. యజమాని అక్కర్లేదన్నాడు. డబ్బు తీసుకుని చేసే పనైతే మాత్రం ఫెండర్లు కలుపుకునే ధర చెప్పాలి.

గన్ కడగడం

టూకే క్లియర్ గన్‌లో గంట ఉంటే గట్టిపడుతుంది. చివరి వరస కొట్టిన వెంటనే, బండిని చూసుకోకముందే గన్ కడగాలి. కప్పులో 50 మిల్లీలీటర్ల థిన్నర్ పోసి డబ్బాలోకి వదలాలి. రెండోసారి బ్రష్‌తో కప్పు తోమి మళ్లీ వదలాలి. క్యాప్, సూది, నాజిల్ విప్పి విడిగా కడగాలి. సూదిని వెనక్కే లాగాలి, ముందుకు తోస్తే మొన వంగుతుంది. గన్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టకూడదు, లోపలి ప్యాకింగులు ఉబ్బి గాలి కారుతుంది. వాడిన థిన్నర్ మోరీలో పోయకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో నిలవ పెడితే పొడి అడుగుకు దిగుతుంది. పైన తేరిన థిన్నర్ వచ్చేసారి మొదటి కడుగుడుకు పనికొస్తుంది. బిగించే ముందు సూది ప్యాకింగు దగ్గర సిలికాన్ లేని గన్ గ్రీజు ఒక చుక్క. ఇంట్లో ఉందని కుట్టుమిషన్ నూనె వేస్తే తర్వాతి పనిలో చేపకళ్లు పడతాయి.